పెద్దాయన వదలని ఊపిరి

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు తీసిన అచ్చులు మా షాపుకి వస్తాయి. ఆ అచ్చు మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, సెట్టు తయారుచేసి తిరిగి పంపిస్తాం. రిపేరుకని పాత సెట్లు కూడా వస్తుంటాయి. పగిలినవి, అరిగినవి, కుక్క కొరికినవి. కడిగి పంపండి మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ కడగరు. పొట్లం విప్పగానే ఆ సెట్టు పెట్టుకున్న మనిషి సంగతంతా నా ముక్కుకి తెలిసిపోతుంది. రాత్రి తీసి పడుకుంటాడా లేదా, చిగుళ్ళకి చీము పట్టిందా, కడుపులో బాగాలేదా... అన్నీ.

ఇలాంటి పని చేసేవాళ్ళకి అసహ్యం చచ్చిపోతుందంటారు. నాకు రోజురోజుకీ పెరిగింది. ఒకరు తాగిన గ్లాసుతో నీళ్ళు తాగను. బస్సులో పక్కవాళ్ళు ఆవలిస్తే మొహం తిప్పేసుకుంటాను. మా చెల్లి నాకు 'ఫినాయిలక్క' అని పేరు పెట్టింది. దాని పెళ్ళిలో నలుగురి ముందూ అలాగే పిలిచింది, గాడిద.

ఆ చెల్లి దగ్గర మాత్రం నాకు ఏ అసహ్యమూ ఉండేది కాదు. అమ్మ పోయేనాటికి అది ఇంకా పాకుతోంది. నేనే పెంచాను. దానికి పుట్టుకతోనే ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా ఈల వచ్చేది, గూట్లో పిట్ట కూసినట్టు. అందుకే పిట్ట అని పిలిచేదాన్ని, ఇప్పటికీ అది అందరికీ పిట్టే. దాని కఫం నా అరచేతిలో పట్టిన రోజులున్నాయి. చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ దాని పక్కనే పడుకునేదాన్ని. ఆ ఈల ఆగిపోతే నాకు మెలకువ వచ్చేసేది.

దాని ఇన్‌హేలర్‌కి ముందు తగిలించే ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. సోడాబుడ్డి అంత ఉంటుంది, అద్దంలా లోపల కనిపిస్తూ ఉంటుంది. మందు అందులోకి కొట్టి, అవతలి మూతికి నోరు పెట్టి పీల్చుకోవాలి. మేము దాన్ని బుడ్డి అనే అంటాం. ముందు ఊపిరంతా బయటికి వదిలేసి, తర్వాత బుడ్డి నోట్లో పెట్టుకోమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో. ఇది వినదు. ముందే నోట్లో పెట్టుకుని దాంట్లోకే ఊదుతుంది. లోపలంతా ఆవిరి పట్టి తెల్లబడిపోతుంది.

"నీ ఎంగిలి గాలే నువ్వు పీలుస్తున్నావు కదే, ఛీ!" అని తిట్టేదాన్ని.

"నాదే కదక్కా, పక్కింటివాళ్ళది కాదుగా" అనేది.

అలాంటి పిట్టకి ఈ మధ్య ఉబ్బసం తగ్గిపోయింది.

అదే ఫోన్ చేసి చెప్పింది. "అక్కా లిఫ్టు పాడైతే మెట్లెక్కి వచ్చేశాను తెలుసా, పైదాకా, రెండు చేతుల్లో రెండు సంచులు, ఎక్కడా ఆగలేదు, బుడ్డి ముట్టుకుని ఎన్నాళ్ళయిందో కూడా గుర్తులేదు, మా ఆఫీసు వెనకవీధిలో ధ్యానం క్లాసుంది, ఊపిరితో చేసే మంత్రం, సోహం అంటారు, అందులో చేరిన దగ్గర్నుంచే ఇలా, నువ్వు కూడా రాకూడదూ, నీ కోపం తగ్గుతుంది!"

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫోన్లెత్తే పని చేస్తుంది. పెద్ద వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుందని పై అధికారి విసుక్కునేవాడు. ఇప్పుడు ఎంత పొడుగు మాటైనా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తోంది. ఆ సంతోషంలో నాకు వేరే ఏదీ తట్టలేదు.

తర్వాత మా మరిది, పిట్ట మొగుడు, ఫోన్ చేశాడు. "వదినా, ఏమనుకోకపోతే ఒక మాట."

"చెప్పు."

"పిట్ట నోరు..."

"నోరెక్కువైందా? అది చిన్నప్పట్నుంచీ ఉన్నదే. నీకు ముందే చెప్పి చేశాం కదయ్యా."

అతను నవ్వలేదు. "వాసన వదినా. నేను హాల్లో పడుకుంటున్నాను. ఎలా చెప్పాలో తెలీడంలేదు... మా తాతయ్య పోయే ముందు ఆయన గదిలో ఇలాంటి వాసనే వచ్చేది. మీరొకసారి రండి."

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. తలుపు తీస్తూనే పిట్ట నన్ను వాటేసుకుంది. చెంపకి చెంప ఆనించి "అక్కా!" అంది.

వాసన తగిలింది.

పుచ్చిన పంటి వాసన నాకు తెలుసు. చిగుళ్ళ జబ్బు వాసన, పైత్యం వాసన, పస్తు వాసన తెలుసు. ఇది అవేవీ కాదు. ఎన్నో రోజులుగా తీయని పళ్ళ సెట్టు. దాని కింద నానిపోయిన మెతుకులు. దగ్గు మందు తీపి. ఎండిపోయిన కఫం మీద మళ్ళీ కొత్త కఫం. వీటన్నిటి కింద సన్నగా లవంగం. ముసలివాడి నోరు అది. నా చెల్లెలి పెదాల మధ్యనుంచి, దాని నవ్వులోంచి, ఒక ముసలివాడి నోరు నా మొహం మీద ఊపిరి వదులుతోంది. వెనక్కి నెట్టేశాను. దాన్ని నేనలా నెట్టడం అదే మొదటిసారి.

"ఏంటక్కా?" దాని మొహం చిన్నబోయింది. "ఆయన కూడా ఇంతే చేస్తున్నారు. రోజుకెన్నిసార్లు తోముకుంటున్నానో తెలుసా?"

నా సంచిలో పంటి అద్దం ఎప్పుడూ ఉంటుంది. పొడుగు కాడకి చిన్న గుండ్రటి అద్దం. పిట్టని కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని చూశాను. పళ్ళన్నీ దాని పళ్ళే, ముత్యాల్లా ఉన్నాయి. చిగుళ్ళు గట్టిగా ఉన్నాయి. అద్దం తిప్పి పైన అంగిలి చూశాను.

పై సెట్టు రాత్రీపగలూ తీయకుండా పెట్టుకునేవాళ్ళకి అంగిలి మీద ఎర్రగా మచ్చ పడుతుంది. సెట్టు ఎంతవరకు ఉంటే అంతవరకు, అంచు గీసినట్టు. రోజూ చూసే ఆకారమే, నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఒక్క పన్ను కూడా కట్టించుకోని నా చెల్లి అంగిలి మీద ఆ మచ్చ ఉంది. ఎర్రగా, తడిగా, మీద తెల్లటి పొరతో.

తుడిచి మళ్ళీ చూద్దామని అద్దం బయటికి తీశాను. దాని పెదాల ముందే పట్టుకున్నాను. అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. పీల్చినప్పుడు ఆరిపోవాలి కదా. ఆరలేదు. నేను చూస్తూనే ఉన్నాను... ఆరలేదు. ఆవిరి చిక్కబడి, బొట్టుకట్టి, కాడ మీదుగా నా వేళ్ళ మీదికి జారింది. గోరువెచ్చగా, జిగురుగా.

"పిట్టా, ఊపిరి పీల్చు."

"పీలుస్తూనే ఉన్నాగా."

దాని ఛాతీ మీద చెయ్యి వేశాను. అది మాట్లాడుతోంది, నవ్వుతోంది, నన్ను ఫినాయిలక్కా అని వెక్కిరిస్తోంది. ఛాతీ కొంచెం కూడా పైకి లేవడంలేదు. వదలడమే ఉంది. సన్నగా, మెల్లగా, తెంపు లేకుండా వదులుతూనే ఉంది.

"రాత్రిళ్ళు కూడా ఇంతే వదినా" అన్నాడు మరిది గుమ్మంలోంచి, గొంతు తగ్గించి. "నేను చెవి పెట్టి విన్నాను. తీసుకోవడం వినపడదు."

డాక్టరు దగ్గరికి ముందే వెళ్ళొచ్చారట. ఊపిరితిత్తులు ఇంత తేటగా ఎప్పుడూ లేవని ఆయన మెచ్చుకున్నాడట.

మర్నాడు సాయంత్రం నేనూ పిట్టతో క్లాసుకి వెళ్ళాను. కింద టైలరింగ్ షాపు, పైన ఆ గది. కుట్టు మిషన్ల చప్పుడు నేలలోంచి పాదాలకి తెలుస్తోంది. కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. చాపలు పరిచి ఉన్నాయి. ఎదురుగా ఒక కుర్చీ, కుర్చీలో చిన్న స్పీకరు పెట్టె. క్లాసు నడిపేది నడివయసావిడ, అందరూ టీచరు అంటారు. శుభ్రంగా, నెమ్మదిగా ఉంది. క్లాసు పెట్టింది వాళ్ళ నాన్న. పెద్దాయన అనేవారట అందరూ. ఆయన పోయి కొన్నాళ్ళయింది. మంచంలో ఉన్నప్పుడు ఆయన చేసిన ధ్యానం, అంటే ఆయన ఊపిరి చప్పుడు, టీచరు రికార్డు చేసి పెట్టుకుంది. అది పెట్టుకునే ఇప్పుడు అందరూ కూర్చుంటారు.

"లోపలికి వెళ్ళేటప్పుడు సో. బయటికి వచ్చేటప్పుడు హం" అంది టీచరు నాకోసం. "పైకి అనక్కర్లేదండీ. ఊపిరి దానంతటదే అంటుంది, పుట్టినప్పట్నుంచీ అంటూనే ఉంది. మనం వినాలి, అంతే. పెద్దాయన పీల్చినప్పుడు పీల్చండి, వదిలినప్పుడు వదలండి. వరుస తప్పకండి."

నిజం చెప్పాలంటే, మొదట బాగుంది. సో... హం. సో... హం. మిషన్ల చప్పుడు దూరమైపోయింది. భుజాలు వదులయ్యాయి. ఎన్నేళ్ళుగా మోస్తున్న చిరాకేదో దించుకున్నట్టయింది. ధ్యానంలో తప్పేమీ లేదు, అది మాత్రం ఈనాటికీ అంటాను.

కొంచెంసేపటికి నా ముక్కుకి తెలిసింది. లవంగం... దగ్గు మందు...

కళ్ళు తెరిచాను. కుర్చీ పక్కన కిటికీ గట్టు మీద ఒక గాజు గ్లాసుంది. అందులో పళ్ళ సెట్టు. నీళ్ళు పచ్చబడి, చిక్కబడి, మీద తెట్టు కట్టాయి. ఆ తెట్టులో ఒక తెల్ల వెంట్రుక.

రికార్డులో ఊపిరి బరువెక్కుతోంది. గొంతులో కఫం గుళగుళమంటోంది. సో... హం... సో... చివర్లో ఒక పెద్ద సో. లోపలికి, ఇంకా లోపలికి. ఆ తర్వాత ఏమీ లేదు. రికార్డు అక్కడితో అయిపోయింది. గదిలో అందరూ పీల్చిన ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

ఆ నిశ్శబ్దంలో ఒక్కరే పీల్చారు. నా పక్కన. పిట్ట. నిన్నట్నుంచీ దాని ఛాతీ లేవడం అదొక్కసారే చూశాను.

అందరూ వెళ్ళాక పిట్టని కింద నిలబెట్టి అడిగాను. తలొంచుకుంది. "నాకు వాళ్ళ వరుస అందదక్కా. ఉబ్బసం కదా, నాకు వదలడానికే బోలెడుసేపు పట్టేది. ఎప్పుడూ వెనకబడేదాన్ని. చివరికి తిరగేసి చేస్తే సరిపోయింది. ఆయన వదిలేటప్పుడు నేను పీలుస్తాను. ఆయన పీల్చేటప్పుడు నేను వదులుతాను. టీచరుకి చెబితే తీసేస్తుందేమోనని చెప్పలేదు. అలా చేసిన రోజు నుంచే నాకు ఊపిరి ఆడుతోంది!"

నేను మళ్ళీ మేడెక్కాను. టీచరు చాపలు చుడుతోంది. విషయం చెప్పాను. ఆవిడ చాప అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఆఖరి హం ఆయన వదల్లేదండీ" అంది. "పీల్చారు. అంతే. నేను చెవి ఆనించే కూర్చున్నాను. వదుల్తారని ఎంతసేపు చూశానో. లోపలే ఉండిపోయింది. ఇదిగో, ఈ నీళ్ళు ఆయన చేత్తో పోసుకున్నవే. మార్చబుద్ధి కాలేదు." గ్లాసు వైపు చూసి నా వైపు తిరిగింది. కళ్ళల్లో అసూయ. సిగ్గులేకుండా కనిపించే అసూయ. "రోజూ ఎదురుగా కూర్చునేది నేను. నా దగ్గరికి రాలేదు. మీ చెల్లి దగ్గరికి వెళ్ళారా?"

"నాకు మీ నాన్నగారు అక్కర్లేదు తల్లీ. మీరే తీసుకోండి."

"నావల్ల కాదు. చిన్నప్పట్నుంచీ ఆయనతోనే పీల్చాను, ఆయనతోనే వదిలాను. ఎంత ప్రయత్నించినా నాకు వరుస తప్పదు." కళ్ళు తుడుచుకుంది. "వదలడం మొదలుపెట్టారుగా ఇప్పుడు, మీ చెల్లి నోటితో. అది అయిపోతే..."

"అయిపోతే?"

"ఆ అమ్మాయి దగ్గర ఇంకేం ఉంటుందండీ వదలడానికి?"

ఏం చెయ్యాలో ఆవిడే చెప్పింది. ఎవరైనా ఎదురుగా కూర్చోవాలి. పిట్ట వదిలినదాన్ని తిన్నగా తమలోకి పీల్చుకోవాలి. తెరిచిన కిటికీలోంచి బయటికి హం అని వదిలెయ్యాలి. కాస్త కాస్తగా పోతుంది. "ఆఖరిది మాత్రం పొడుగ్గా వస్తుంది. అసలు ఆయన అదే. దాన్ని మాత్రం మొహం తిప్పుకోకుండా తీసుకోండి" అంది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ అంది, "మొహం తిప్పుకోకండి."

ఇంటికి వెళ్ళేసరికి వాన మొదలైంది. పిట్ట ముందు పోట్లాడింది. "మళ్ళీ ఆ ఉబ్బసంలోకి పొమ్మంటావా? కంపు కొడితే కొట్టనీ! నీ ముక్కు కోసం నేను మెట్ల మీద కూలబడి చావాలా?"

"సరే, ఒక్కసారి పీల్చు. ఒక్కసారి నువ్వు పీల్చి చూపించు, నేను వెళ్ళిపోతాను."

నవ్వింది. నోరు తెరిచింది. భుజాలు పైకెత్తింది. ఏమీ జరగలేదు. మళ్ళీ ఎత్తింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కా..." అంది గుసగుసగా. "పీల్చడం ఎలాగో... గుర్తు రావట్లేదు."

గోళ్ళ కింద నీలం తిరిగి ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు.

మరిదిని కొత్త ఇన్‌హేలర్ తెమ్మని మందుల షాపుకి పంపాను. పాతదాంట్లో మందు అడుగంటింది. ఆయాసం తిరిగొస్తే వెంటనే కావాలని ఆ పాతదే బుడ్డికి తగిలించి పిట్ట ఒళ్ళో పెట్టాను. వంటింటి కిటికీ బార్లా తెరిచాను. ఇద్దరం మోకాలికి మోకాలు ఆనించి కింద కూర్చున్నాం. నేను పంటి బిగువున ముందుకి వంగాను.

పీల్చాను.

ఎలా చెప్పను... గాలి కాదది. గోరువెచ్చటి గంజిలా ఉంది. నాలుక మీద పొరలా పరుచుకుంది. గొంతులో దిగేటప్పుడు అక్కడక్కడ తగులుకుంటూ దిగింది. లవంగం రుచి, ఆ రుచి మీద చీము రుచి. నా ఛాతీలో ఒక ముసలివాడు తిరిగి పడుకున్నట్టయింది. కిటికీ వైపు తిరిగి హం అని వదిలేశాను. వాన చినుకులు ఆ వదిలినచోట పక్కకి తప్పుకున్నట్టు కనిపించింది. వాంతి వచ్చింది. మింగాను.

మళ్ళీ పీల్చాను. మళ్ళీ. మధ్యలో ఒకసారి నా పళ్ళ సందున మెతుకు లాంటిదేదో వచ్చింది. ఉమ్మితే ఏమీ లేదు. ఒకసారి నా గొంతు నాది కాకుండా గుళగుళమంది. ఏడుస్తూ పీల్చాను. అమ్మ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

అప్పుడు పిట్ట ఛాతీ కదిలింది. కొంచెం. చిన్నగా... సో.

దాంతోపాటు ఈల. సన్నటి, తడి ఈల. నా పిట్ట!

"వస్తోందే! నీది వస్తోంది!" అన్నాను. అది కూడా ఏడుస్తోంది. తల ఊపింది.

అంతలో దాని నోట్లో టక్ మంది. సెట్టు అంగిలి నుంచి ఊడినప్పుడు వచ్చే చప్పుడు. రోజూ వినే చప్పుడే. దాని కింది దవడ వదులై జారింది. లోపలంతా చీకటి. ఆ చీకట్లోంచి చల్లగా, పొడుగ్గా, తొందరేమీ లేకుండా వస్తోంది. హ... అంటూ. ఇదే అది. తీసుకోవాలి. నోరు తెరిచాను.

నా కింది పెదవికి ఏదో తగిలింది. మెత్తగా, తడిగా, గరుకుగా. నాలుక. పిట్ట నాలుక కాదు. పిట్ట నాలుక దాని పళ్ళ వెనకే ఉంది, నాకు కనిపిస్తోంది.

మొహం తిప్పేసుకున్నాను.

ఒక్క క్షణమే. నేనేం చెయ్యను? నా ఒళ్ళే తిప్పేసుకుంది. పెదాలు బిగించి, కళ్ళు మూసుకుని, మోచేత్తో మూతి తుడుచుకున్నాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి పిట్ట దగ్గుతోంది, విరగబడి దగ్గుతోంది. చేతికి తగిలిన బుడ్డి అందుకుని నోట్లో పెట్టుకుంది. చిన్నప్పట్నుంచీ చేసినట్టే దాంట్లోకి ఊదింది. పొడుగ్గా ఊదింది. బుడ్డి తెల్లబడింది.

మందు నొక్కకుండానే దించేసింది. దగ్గు ఆగిపోయింది. పీల్చింది, వదిలింది. పీల్చింది, వదిలింది. ప్రతిసారీ ఈల.

"పోయిందక్కా" అంది. "తేలిగ్గా ఉంది. అబ్బ, నీ మొహం చూసుకో, వేపాకు తిన్నట్టుంది."

నోరు వాసన చూశాను. ఏమీ లేదు. అద్దం పెట్టి అంగిలి చూశాను. మచ్చ పాలిపోతోంది. అద్దం మీద ఆవిరి పట్టింది, ఆరింది, పట్టింది. గట్టిగా కౌగిలించుకుని దాని ఛాతీకి చెవి ఆనించి ఆ ఈల విన్నాను. ఎంగిలి పడిన వస్తువు మూతపెట్టకుండా వదలడం నాకు చేతకాదు. బుడ్డి మూతికి టోపీ గట్టిగా బిగించి, తీసుకెళ్ళి పడగ్గదిలో అలమర మీద పెట్టాను.

తర్వాత నోరు ఎన్నిసార్లు కడుక్కున్నానో నాకే తెలీదు. ఉప్పు వేసి రుద్దుకున్నాను. చిగుళ్ళ నుంచి రక్తం కారింది. అయినా హాయిగా ఉంది. హాల్లో పిట్ట సోఫాలో పడుకుని మరిదితో ఫోన్లో మాట్లాడుతోంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. "ఎక్కడున్నారు... ఇంకా... అక్కడేనా... రోడ్డంతా... నీళ్ళా..."

ఆ ఆగడం వింటూ మొదట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఈల పెరుగుతోంది. వాన చలి, ఇన్నాళ్ళు మందు మానేసిన ఒళ్ళు. నేను వచ్చేసరికి లేచి కూర్చుని ఉంది, చేతులు మోకాళ్ళ మీద ఊనుకుని. పెదాలు తెల్లబడ్డాయి. ఇలాంటి ఆయాసం నాకు కొత్త కాదు. ఎంత టైముంటుందో నాకు తెలుసు.

"అక్కా... బుడ్డి..."

పడగ్గదిలోకి పరుగెత్తాను. లైటు వేశాను.

బుడ్డి అలమర మీద ఉంది. లోపల ఆవిరి ఇంకా ఉంది. ఇంతసేపటికి ఆరిపోవాలి. దగ్గరికెళ్ళాను. నేను చూస్తుండగానే ఆవిరి చిక్కబడింది... మెల్లగా పలచబడింది... మళ్ళీ చిక్కబడింది.

చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. ఇన్‌హేలర్ ఒక్కటీ ఊడబీకి తిన్నగా నోట్లో కొట్టేద్దామనుకున్నాను. బలంకొద్దీ లాగాను. ఊడి రాలేదు. టోపీ లాగాను. అది కూడా రాలేదు. లోపలి నుంచి పట్టుకున్నట్టుంది. గోళ్ళు దూర్చి పెకలించాను.

టక్.

లవంగం.

అరచేత్తో బుడ్డి మూతి మూసేశాను. ఏం చేస్తున్నానో నాకే తెలీదు. మరిది ఎక్కడిదాకా వచ్చాడో, అంబులెన్స్ ఈ నీళ్ళలో వస్తుందో రాదో... "వస్తున్నానే, వస్తున్నా" అని అరిచాను. కదల్లేదు. హం అయిపోయాక మళ్ళీ ఏమొస్తుందో ఆ క్లాసులో కూర్చున్న ఎవరికైనా తెలుసు.

బుడ్డిలో ఆవిరి మొత్తం ఆరిపోయి తేటపడింది. నా అరచేతి చర్మం నెమ్మదిగా మూతిలోకి లాగబడింది. చుట్టూ మెత్తగా, తడిగా చిగుళ్ళు ఆనినట్టుంది.

వెనక చప్పుడైంది. పిట్ట గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చేసింది. దాని ఛాతీలో ఇప్పుడు ఈల కూడా లేదు. చెయ్యి నా ముందుకి చాపింది.

"ఇవ్వక్కా" అంది.